పూడికతీత

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు నేడు విద్యార్థి నిత్యజీవితంలో భాగమైంది. అది మందగించినప్పుడు ‘శుభ్రం చేస్తాం’ అంటూ ముందుకు వచ్చే సాఫ్ట్‌వేర్లు అనేకం. అవి ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ హాని చేస్తాయి అన్న విషయాన్ని మన సీమ చెరువుల అనుభవంతోను, ప్రాచీన గ్రంథాల పరిష్కరణ అనుభవంతోను పోల్చి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాయలసీమలో పుట్టి పెరిగినవారికి పూడిక అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. మనకు వాన కురిసే రోజులు తక్కువ. కురిసినప్పుడు మాత్రం వంకలూ వాగులూ ఒక్కసారిగా పొంగి, గట్ల మీది మట్టిని, ఆకును, అలమును కోసుకొని తెచ్చి చెరువులో పడవేస్తాయి. నీరు ఎండిపోతుంది; మట్టి మిగిలిపోతుంది. ఏటేటా ఇలా పేరుకొన్న ఒండ్రును వేసవిలో తవ్వి, బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న పని. దానివల్ల చెరువుకు లోతు పెరుగుతుంది, చేనుకు సత్తువ వస్తుంది.

అయితే ఈ పనికి ఒక హద్దు ఉంది. ఒండ్రు అయిపోయి గరుసు కనిపించగానే పార ఆపాలి. అడుగున నీటిని నిలిపి ఉంచే గట్టి పొరను ఛేదిస్తే ఆ చెరువులో నీరు నిలవక ఇంకిపోతుంది. కట్ట మొదట్లోను, తూము చుట్టుపక్కల ఒక్క గంప మట్టి కూడా తీయనివ్వరు. ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ఊళ్ళో ఎవరైనా చాలు. ఎక్కడ తవ్వకూడదో చెప్పడానికి మాత్రం ఆ చెరువును ఎరిగిన పెద్ద ఒకరు దగ్గర ఉండాలి.

కడప జిల్లా పోరుమామిళ్ళలో క్రీ.శ. 1369 నాటి శిలాశాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజ సాగరమనే చెరువును నిర్మించిన సందర్భంలో వేయించిన శాసనమది. రెండేళ్ళపాటు వేయిమంది కూలీలు చెరువు పనిలోను, నూరు బండ్లు కట్ట పనిలోను ఉన్నాయని అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను సంస్కృత శ్లోకాల్లో వివరిస్తుంది. కట్ట నుండి నీరు ఊరడం ఒక దోషం. చవిటి నేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒక దోషం. చెరువు నడుమ మెరక ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం మిగిలినవి. ఈ ఆరింటిలో పూడిక లేకపోవడం గమనించదగిన విషయం. పూడిక చెరువు దోషం కాదు. అది పనిచేస్తున్న ప్రతి చెరువుకూ సహజంగా కలిగేదే. దోషమంటే కట్ట ఊరడం.

కంప్యూటరు విషయంలో కూడా ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది మోసపోతున్నారు.

ముందు పూడిక సంగతి చూద్దాం. అంతర్జాలంలో మనం ఒక పుటను తెరిచినప్పుడు అందులోని బొమ్మలు మొదలైనవాటిని బ్రౌజరు తన దగ్గర దాచుకొంటుంది. మరునాడు అదే పుటను తెరిస్తే, దూరాన ఉన్న యంత్రం నుండి మళ్ళీ తెచ్చుకొనే శ్రమ లేకుండా దగ్గరున్న ప్రతినే చూపుతుంది. దీనిని ‘క్యాష్’ అంటారు. (డబ్బుకూ దీనికీ సంబంధం లేదు, పలుకు ఒకటే, ఆంగ్లంలో వర్ణక్రమం వేరు.) ప్రోగ్రాములు పనిచేసేటప్పుడు చిత్తు కాగితాల వంటి తాత్కాలిక ఫైళ్ళను రాసుకొంటాయి, పని ముగిసిన తరువాత వాటిలో కొన్నిటిని పారవేయడం మరచిపోతాయి. విండోస్ ఒక కూర్పు నుండి మరొక కూర్పుకు మారినప్పుడు పాత కూర్పుకు చెందిన ఫైళ్ళు కొన్నాళ్ళపాటు డిస్కులోనే ఉంటాయి. అవి అనేక గిగాబైట్ల స్థలాన్ని ఆక్రమిస్తాయి. మనం తొలగించామనుకొన్న ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లో కూర్చొని ఉంటాయి. ఇవన్నీ ఒండ్రు వంటివి. తీసివేస్తే నష్టం లేదు. డిస్కు నిండబోతున్నప్పుడు తీసివేయడం అవసరం కూడా. ఖాళీ స్థలం బాగా తగ్గినప్పుడు విండోస్‌కు ఊపిరి ఆడదు. అప్పుడు శుభ్రం చేస్తే ఫలితం కళ్ళకు కనిపిస్తుంది.

కాని 500 గిగాబైట్ల డిస్కులో 300 గిగాబైట్లు ఖాళీగా ఉన్నవారు రెండు గిగాబైట్ల చెత్తను తీసివేసినంత మాత్రాన యంత్రం పరుగెత్తదు. పైగా, క్యాష్‌ను చెరిపివేస్తే మరునాడు ప్రతి పుట మొదటిసారి తెరిచినంత ఆలస్యంగా తెరుచుకొంటుంది. నిలువ ఉన్న నీటిని పారబోసి, మళ్ళీ నింపుకోవడం వంటిదన్నమాట.

ఇంతకూ ఈ పనికి బయటి సాఫ్ట్‌వేరు కావాలా? విండోస్ 98తోనే ‘డిస్క్ క్లీనప్’ అనే ఉపకరణం వచ్చింది. విండోస్ 10, విండోస్ 11లలో ‘స్టోరేజ్ సెన్స్’ అనేది ఉంది. సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో స్టోరేజ్ అనే చోట అది కనిపిస్తుంది. దీనికి రుసుము లేదు, ప్రకటనలు లేవు. సామాన్య వినియోగదారునికి కావలసిన పూడికతీత అంతా అక్కడే జరుగుతుంది. తనకు కావలసినది ఇంట్లోనే ఉండగా పొరుగింటికి చేబదులుకు పోవడం దేనికి?

శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు గొప్పగా చెప్పుకొనే మరొక పని ‘రిజిస్ట్రీ’ని బాగుచేయడం. రిజిస్ట్రీ అంటే విండోస్ తన అమరికలన్నింటినీ, అందులో చేరిన ప్రోగ్రాముల వివరాలన్నింటినీ రాసుకొనే పెద్ద దప్తరం. మీ తాతల కాలంలో ఊరి కరణం దగ్గర ఉండే దప్తరం వంటిది. (కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి, ఆ మాట మీ ఇళ్ళలో పెద్దలు నేటికీ వాడుతుంటారు.) ఒక ప్రోగ్రామును తీసివేసిన తరువాత దాని పేరు ఈ దప్తరంలో అక్కడక్కడా మిగిలిపోతుంది. శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు వాటిని వెదకి, ‘ఇన్ని వందల లోపాలు’ అని ఎర్రని అక్షరాలతో చూపుతుంది. చనిపోయిన రైతు పేరు లెక్కల్లో ఉంటే ఊరికి వచ్చే నష్టమేమిటి? ఆ పేరు కొట్టివేసినంత మాత్రాన ఒక సెంటు భూమి కలిసిరాదు. లక్షల వరుసలున్న దప్తరంలో కొన్ని వందల వరుసలు పోతే కంప్యూటరుకు కలిగే వేగం కూడా అంతే. కాని పొరపాటున బ్రతికి ఉన్నవాని పేరు కొట్టివేశారనుకోండి, అతడు తన పొలం తనదని నిరూపించుకోవడానికి కచేరీల చుట్టూ తిరగవలసి వస్తుంది. అలాగే అవసరమైన వరుస ఒక్కటి పోయినా ఒక ప్రోగ్రాము తెరుచుకోదు. ఒక్కొక్కసారి విండోస్ కూడా మొదలుకాదు. 1990లలో మైక్రోసాఫ్ట్ సంస్థ తానే రిజిస్ట్రీని శుభ్రం చేసే ఉపకరణాన్ని అందించి, తరువాత దానిని ఉపసంహరించుకొంది. అటువంటి సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని అదే సంస్థ తరువాతి కాలంలో ప్రకటించింది. ఈ విషయంలో ఇంతకుమించి చర్చ అవసరమని నేను అనుకోను. రిజిస్ట్రీ కట్ట మొదట్లో ఉన్న మట్టి. దాని జోలికి పోరాదు.

ఇక భయం అమ్మేవారి సంగతి. ఉచితంగా పరీక్షిస్తామంటారు, పరీక్షించి వేల లోపాలున్నాయంటారు, బాగుచేయడానికి మాత్రం డబ్బు కట్టమంటారు. చెయ్యి చూసి గండముందని చెప్పి, శాంతికి వెల చెప్పే సోదెగానికీ ఈ సాఫ్ట్‌వేరుకూ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇది మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ, దానికి సాఫ్ట్‌వేరు అందించిన సపోర్ట్ డాట్ కామ్ సంస్థ 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి, రెండూ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నాయి. కమిషన్ ఆరోపణ ఏమిటంటే, దుకాణానికి వచ్చిన వినియోగదారుని ముందుగా నాలుగు ప్రశ్నలు అడిగేవారు. యంత్రం మందగించిందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా వంటివి ఆ ప్రశ్నలు. వాటిలో ఏ ఒక్కదానికి అవునని గుర్తు పెట్టినా, పరీక్ష ముగిసేసరికి ఆ కంప్యూటరులో జబ్బు ఉన్నట్లు ఫలితం వచ్చేది. యంత్రాన్ని చూసి కాదు, యజమాని జవాబును చూసి రోగనిర్ణయం జరిగేదన్నమాట! ఇలా బెదిరించి డబ్బు కట్టించుకొనే శుభ్రీకరణ సాఫ్ట్‌వేర్లను అవాంఛనీయమైనవిగా పరిగణించి తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2018 మార్చి 1 నుండి నియమం పెట్టింది.

నేను ఈ మాటలు వినికిడి మీద చెప్పడం లేదు. 2008 ప్రాంతంలో ఒక శతకానికి సంబంధించిన పరిష్కరణలో నేను మునిగి ఉన్నాను. దానికి రెండు తాళపత్ర ప్రతులు దొరికాయి. మొదటిది ఒక గ్రంథాలయంలోనిది. రెండవది పెన్న ఒడ్డున ఒక పల్లెలో ఒక వృద్ధుని ఇంట ఉన్నది. ఆయన ఆకులను ఇల్లు దాటనివ్వలేదు. నేను ఆరు ఆదివారాలు బస్సులో వెళ్ళి, ఆయన వసారాలో కూర్చొని, ప్రత్యక్షరం నా నోటుపుస్తకంలో దించుకొని వచ్చాను. కంప్యూటరులో రెండు ఫోల్డర్లు పెట్టుకొని, ఒకదానికి ‘మొదటి ప్రతి’ అని, రెండవదానికి ‘రెండవ ప్రతి’ అని పేరు పెట్టాను. ఒక్కొక్క పద్యం ఒక్కొక్క ఫైలు. పేర్లు 1 నుండి 108 వరకు. రెండు ఫోల్డర్లలోను అవే పేర్లు. అందులో నాకు ఏ దోషమూ కనిపించలేదు.

కంప్యూటరు మందగించిందని ఒకనాడు వీధిలోని కుర్రవాణ్ణి పిలిచాను. “ఎన్ని దినాలైంది సార్, దీన్ని క్లీన్ చేయక!” అంటూ అతడు తన దగ్గరున్న సీడీ నుండి ఏదో సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. అది తవ్వి తవ్వి, చివరకు ‘ఒకే పేరుతో రెండేసి ఉన్న ఫైళ్ళు 108, అనవసరమైన నకళ్ళను తొలగించమంటారా?’ అని అడిగింది. అతడు నా వైపు చూశాడు. నేను ‘నకళ్ళు’ అన్న మాట మాత్రమే చదివి, కానివ్వమన్నాను. రీసైకిల్ బిన్‌ను కూడా అదే ఖాళీ చేసింది. యంత్రం నిజంగానే కొంత చురుకైనట్లు అనిపించింది. వారం రోజుల తరువాత పాఠాంతరాల కోసం రెండవ ప్రతి ఫోల్డరును తెరిస్తే అది బోసిగా ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేరు ఫైలు పేరును మాత్రమే చూసింది; లోపలి పాఠాన్ని చూడలేదు. ఫైళ్ళలోని ప్రతి బైటునూ సరిపోల్చి, అణుమాత్రం తేడా లేనప్పుడే నకలు అని తేల్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. అవి కొంత మెరుగు. కాని అవి సైతం ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేవు. అచ్చంగా ఒకే రకమైన రెండు ఫైళ్ళలో ఒకటి, యజమాని కావాలని రెండవ చోట దాచుకొన్నదా, లేక పొరపాటున మిగిలిపోయినదా? ఆ సంగతి యజమానికే తెలుసు. నా విషయంలో తప్పు ఆ కుర్రవానిది కాదు, యంత్రానిది కాదు. చదవకుండా ‘సరే’ అన్నది నేను. నలభై ఏళ్ళ కిందటి ప్రతిలో ఒక అరసున్న తేడాను పట్టుకోగలిగిన నా కళ్ళు, ఎదురుగా తెర మీద ఉన్న రెండు వరుసలను చదవలేకపోయాయి.

ప్రాచీన గ్రంథ పరిష్కరణలో మొదటి పాఠమే ఇది. ఒకే కావ్యానికి దొరికిన రెండు ప్రతులు నకళ్ళు కావు, రెండు సాక్ష్యాలు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. తరువాతి కాలంలో ఆ ఊళ్ళోనే ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను నియమించి, జీతాలు తన చేతి నుండి ఇచ్చి, తెలుగు కావ్యాల ప్రతులను సేకరింపజేశాడు. ఒక కావ్యానికి ఒక ప్రతి దొరికితే చాలునని ఆయన ఊరుకోలేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించి, వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, తేడాలు గుర్తించి, శుద్ధప్రతిని సిద్ధం చేయించేవాడు. లేఖకుల పొరపాట్లు తీసివేయవలసిన పూడికే. కాని ఏది లేఖకుని పొరపాటో, ఏది కవి ప్రయోగమో తేల్చడానికి ముందు ఆయన ఏ ప్రతినీ పారవేయలేదు. 1829లో వేమన పద్యాలు ఆయన కృషి వల్ల అచ్చుకెక్కాయి. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుదలతో నెలకొల్పిన ఆ గ్రంథాలయాన్ని వీలు చూసుకొని తప్పక దర్శించండి. పరిష్కరణ అంటే తొలగించడం కాదని, తొలగించదగినదేదో తేల్చుకోవడమని అక్కడి తాళపత్రాలను చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవి ఉపయోగానికి సంబంధించిన సందేహాలు. భద్రత మాటేమిటి? పేరున్న సాఫ్ట్‌వేరు అయితే భయం లేదు కదా అని మీలో కొందరు అడగవచ్చు. సీక్లీనర్ అన్నది ఈ రంగంలో ప్రపంచమంతటా పేరుపొందిన సాఫ్ట్‌వేరు. లండనులోని పిరిఫామ్ అనే సంస్థ దానిని తయారు చేసింది. 2017 జూలైలో ఆ సంస్థను, వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్లు తయారుచేసే అవాస్ట్ కొన్నది. అదే ఏడాది ఆగస్టు 15న విడుదలైన సీక్లీనర్ 5.33 కూర్పులో దొంగలు తమ సంకేతాలను కలిపారు. వారు ఒక్కొక్క ఇంటికి వెళ్ళి కన్నం వేయలేదు. తయారీదారుని ఇంట్లోనే జొరబడ్డారు. అందువల్ల ఆ కూర్పు అసలైన వెబ్‌సైటు నుండే, సంస్థ అసలైన డిజిటల్ ముద్రతోనే వినియోగదారులకు చేరింది. సెప్టెంబరులో సిస్కో సంస్థకు చెందిన టాలోస్ పరిశోధకులు, మార్ఫిసెక్ అనే మరొక సంస్థవారు దానిని గుర్తించేసరికి సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో ఆ కూర్పు ఉంది. దొంగల అసలు గురి సామాన్యులు కారు. పెద్ద సాంకేతిక సంస్థలు. రెండవ విడత సంకేతాలు సుమారు 40 యంత్రాలకే చేరాయి. ఊరందరి చెరువులో విషం కలిపి, ఒక్కరి కోసం ఎదురుచూడడం వంటి పని అది.

ఈ ఉదంతం వల్ల సీక్లీనర్ చెడ్డదని నేను చెప్పడం లేదు; దోషం బయటపడిన వెంటనే వారు శుద్ధమైన కూర్పును అందించారు. గమనించవలసింది మరొకటి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేరుకు మన కంప్యూటరులోని ప్రతి గదినీ తెరిచే అధికారం ఇవ్వక తప్పదు. ఇల్లు ఊడ్చడానికి వచ్చే మనిషికి బీరువా తాళంచెవి ఇవ్వాలా అన్నది ప్రశ్న. ఆ మనిషి మంచిదే కావచ్చు. ఆమె చేతిలోని తాళంచెవిని మరొకరు కాజేస్తే?

సెల్‌ఫోన్ల విషయం ఇంతకంటె విచారకరం. ‘ఒక్క నొక్కుతో ఫోను వేగం రెట్టింపు’ అనే యాప్‌లను మీలో చాలామంది వాడి ఉంటారు. చీతా మొబైల్ అనే చైనా సంస్థ రూపొందించిన క్లీన్ మాస్టర్ ఒకప్పుడు వాటిలో చాలా ప్రసిద్ధం. ప్రకటనలకు సంబంధించిన నియమోల్లంఘన కారణంగా గూగుల్ 2020 ఫిబ్రవరిలో వందలాది యాప్‌లతోపాటు ఆ సంస్థ యాప్‌లను కూడా తన ప్లే స్టోరు నుండి తొలగించింది. అదే ఏడాది జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్ ఉన్నాయి. ఈ యాప్‌లు చేసే పని చాలావరకు, వెనుక పనిచేస్తున్న ఇతర యాప్‌లను బలవంతంగా ఆపడమే. అవి కాసేపటికి మళ్ళీ మొదటి నుండి లేస్తాయి. అందుకు బ్యాటరీ మరింత ఖర్చవుతుంది.

విండోస్‌తో వచ్చే ఉపకరణం కూడా కళ్ళు మూసుకొని నొక్కదగినదేమీ కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పులో డిస్క్ క్లీనప్ జాబితాలోకి ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరు కూడా చేరింది. అలవాటు కొద్దీ అన్ని గళ్ళలోను గుర్తు పెట్టినవారు తమ ఫైళ్ళు పోగొట్టుకొన్నారు. తరువాతి కాలంలో దానిని ఆ జాబితా నుండి తీసివేశారు. మన విద్యార్థుల హాల్ టికెట్లు, మీసేవలో తీసుకొన్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఉపకారవేతనానికి పంపిన దరఖాస్తులు ఎక్కడ ఉంటాయి? నూటికి తొంభైమంది దగ్గర ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరులోనే! అది చెత్తబుట్ట అని మీరు అనుకోరు, యంత్రం అనుకోవచ్చు. పరీక్షకు రెండు రోజుల ముందు ఇంటర్‌నెట్ కేంద్రం వద్ద కన్నీళ్ళతో నిలబడిన పిల్లలను నేను చూశాను. అవసరమైన పత్రాలను వేరే ఫోల్డరులోకి మార్చుకొన్న తరువాతే శుభ్రం సంగతి తలపెట్టండి.

ఒకవేళ ఫైలు పొరపాటున పోతే ఏం చేయాలి? తొలగించిన ఫైలు వెంటనే మాయం కాదు. డిస్కులో అది ఉన్న చోటు ‘ఖాళీ’ అని గుర్తించబడుతుంది, అంతే. దాని మీద మరొకటి రాయబడేవరకు లోపల అక్షరాలు అలాగే ఉంటాయి. కనుక పోయిందని తెలిసిన క్షణాన కంప్యూటరు వాడకం ఆపి, తెలిసినవారి సహాయంతో వెలికితీత సాఫ్ట్‌వేరును ప్రయోగించాలి. నేను వారం రోజులు హాయిగా వాడుకొన్నాను. అందుకే నా ఫైళ్ళలో చాలావాటి మీద వేరే ఫైళ్ళు ఎక్కి కూర్చొన్నాయి. నేటి ఎస్‌ఎస్‌డీ డిస్కులలో ఈ అవకాశం కూడా తక్కువ. తొలగించిన వాటి జాడను అవి త్వరగా తుడిచివేస్తాయి.

మరి కంప్యూటరు మందగిస్తే దారి ఏది? ముందుగా, అది ఆన్ కాగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో టాస్క్ మేనేజరులో చూసి, అక్కరలేనివాటిని అక్కడే ఆపవచ్చు. దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు ఏదీ అక్కరలేదు. పాత యంత్రమైతే మెమరీ పెంచడం, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించడం వల్ల కలిగే మేలు ఏ శుభ్రీకరణ వల్లనూ కలగదు. మన జిల్లాల్లో మరొక కారణం కూడా ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, గాలి వీస్తే లేచే దుమ్ము. ఫ్యాన్‌కూ రేకులకూ ధూళి పట్టి గాలి ఆడకపోతే ప్రాసెసరు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. కంప్యూటరును పూర్తిగా ఆపి, తీగ ఊడదీసి, మూత తెరిచి, మెత్తని కుంచెతో ఆ ధూళిని దులిపించండి. సీమలో కంప్యూటరుకు నిజంగా అవసరమైన శుభ్రం ఇది. దీనిని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

శుభ్రం చేయడానికి ముందు మాత్రం మరొక ప్రతి దాచుకోవాలి. అదీ అదే ఇంట్లో కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు ఇళ్ళలోని పుస్తకాలు, కాగితాలు, కంప్యూటర్లు ఒకే బురదలో కలిశాయి. బల్ల మీద కంప్యూటరు, సొరుగులో దాని నకలు ఉన్నవారికి రెండూ పోయాయి. దూరాన మరొక ఊరిలో బంధువుల ఇంట ఒక ప్రతి ఉంచినవారికి కొంతైనా దక్కింది. నేటి విద్యార్థికి పెన్ డ్రైవులో ఒక ప్రతి, ఇంటర్‌నెట్‌లోని నిల్వస్థలంలో మరొక ప్రతి ఉంచుకోవడం కష్టమేమీ కాదు.

నా శతకం సంగతి చెప్పి ముగిస్తాను. అప్పటికే డీటీపీ కేంద్రంలో అచ్చు తీయించిన కాగితాల్లో రెండవ ప్రతికి చెందిన 61 పద్యాలు దొరికాయి. తక్కినవాటిని దించుకొన్న నోటుపుస్తకాన్ని, టైపు చేయడం పూర్తయింది కదా అని, నేనే పాత కాగితాలతో కలిపి వేసివేశాను. మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. వృద్ధుడు అంతకు మూడు నెలల ముందే కాలం చేశాడు. ఆయన కోడలు నన్ను గుర్తుపట్టి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. “మామ పోయినాక అటక దులిపినాము సార్. ఆ ఆకులన్నీ పురుగు పట్టినాయని ఏట్లో కలిపేసినాము. మీరు వస్తారని తెలిసింటే పెట్టి ఉందుము కదా!” అన్నది. ఆమెను ఏమనగలను? ఆ శతకం నా పరిష్కరణతో వెలువడినప్పుడు 47 పద్యాల కింద పాఠాంతరాల వరుస ఖాళీగానే ఉంది.

అభ్యాసం

పదాలు – అర్థాలు

ఒండ్రు : ప్రవాహంలో కొట్టుకొని వచ్చి పేరుకొన్న మెత్తని మట్టి
గరుసు : రాళ్ళతో కూడిన గట్టి నేల
తూము : చెరువు నుండి నీరు బయటకు వదిలే మార్గం
దప్తరం : లెక్కల కాగితాల కట్ట
పాఠాంతరం : ఒక ప్రతికీ మరొక ప్రతికీ మధ్య పాఠంలో కనిపించే తేడా

ప్రశ్నలు

1. పూడికకూ, కట్ట ఊరడానికీ గల తేడాను కంప్యూటరుకు అన్వయించి వివరించండి.
2. “రెండు ప్రతులు నకళ్ళు కావు, రెండు సాక్ష్యాలు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. 2017 నాటి సీక్లీనర్ ఉదంతం ఎలా జరిగింది? రచయిత దాని నుండి ఏ విషయాన్ని గ్రహించమంటున్నాడు?
4. కింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి : పాఠాంతరం, గ్రంథాలయం, ప్రత్యక్షరం, ప్రత్యేక, నియమోల్లంఘన.
5. మీ ఊరి చెరువు లేదా కాలువ పూడికతీత గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా రాయండి.